కెంపమ్మ నీళ్ళు కాచిన సంగతి

రాయకోట హైస్కూల్లో సైన్సు చెప్పే కెంపమ్మను కొత్తగా చూసినవాళ్ళు కోపిష్టి అనుకుంటారు. పిల్లలు నోటుబుక్కు తెచ్చి బల్ల మీద పెడితే ఆమె చివరి పేజీలో జవాబు చూడదు. మొదటి పంక్తి చూస్తుంది. అక్కడ తేదీ, ఊరు, చేసినవాళ్ళ పేరు లేకపోతే పుస్తకం మూసి చేతికిచ్చేస్తుంది.

"యాడ చేసినావో చెప్పకుండా ఏం వచ్చిందో చెప్తే నేనెట్ల నమ్మేది?" అంటుంది.

ఈ ప్రశ్న ఆమె సొంతం కాదు. కృష్ణగిరి బస్టాండులో గుగ్గిళ్ళు అమ్మే అంగాళమ్మది. అంగాళమ్మ మొదటిసారి ఆ ప్రశ్న వేసినప్పుడు నేను ఆమె ఇంట్లోనే అద్దెకుంటున్నాను. ఏడేళ్ళ కిందటి మాట అది.

అప్పుడే తెలుగు ఎం.ఏ. ముగించి, కృష్ణగిరిలో ఒక కాలేజీకి తాత్కాలికపు ట్యూటరుగా వచ్చాను. కొండ కింది వీధిలో అంగాళమ్మ పెంకుటిల్లు. ముందరి గది అద్దెకిచ్చేది. అందులో నాకంటే ముందునుంచే కెంపమ్మ ఉండేది. అదే కాలేజీలో బి.ఎస్సి. రెండో సంవత్సరం. ఊరు జవళగిరి. ఇంటి వెనకనుంచి అడవి మొదలవుతుందని చెప్పేది. నాన్న శ్రీరామప్పకు రాగులు, ఉలవలు పండే మెట్ట పొలం ఉంది. అంగాళమ్మ కూడా ఆ పక్క మనిషే. భర్త పోయాక కిందికి దిగి వచ్చి కృష్ణగిరిలో గుగ్గిళ్ళ గంప ఎత్తింది. ఊరి మనిషి ఇల్లు కనుకనే శ్రీరామప్ప కూతుర్ని అక్కడ ఉంచి చదివించడానికి ఒప్పుకున్నాడు. ఒప్పుకుంటూ ఒక మాట కూడా అన్నాడట: "ఒక్క ఏడు తప్పినా ఇంటికొచ్చేయాల. మళ్ళా ఫీజు కట్టేది లేదు, మళ్ళా పంపేది లేదు."

ఇరవై ముగ్గురున్న ఆ తరగతిలో కెంపమ్మ ఒక్కతే ఆడపిల్ల. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బడిలో అరవం. ఇంగ్లీషు మాత్రం ఎవరూ మాట్లాడగా వినలేదు. కాలేజీలో చేసిన ప్రతి ప్రయోగాన్నీ ఇంగ్లీషులో రికార్డు పుస్తకంలో రాయాలి. ఏం చేశాం, ఏం చూశాం, ఏం తేలింది. దాని మీద సారు సంతకం పడాలి. ఒక్క ప్రయోగానికి సంతకం లేకపోయినా మార్చిలో ప్రాక్టికల్ పరీక్షకు కూర్చోనివ్వరు.

మిగతావాళ్ళకు ఇదొక బరువు కాదు. వాళ్ళ దగ్గర ఒక పాత రికార్డు ఉండేది. అట్ట చిరిగి, ఒక మూల పసుపు మరక పడి, పేరున్న చోట కాగితం లేచిపోయి ఉండేది. ఏటేటా పెద్దవాళ్ళు పోతూ చిన్నవాళ్ళకు ఇచ్చి పోయేవాళ్ళు. మొదట ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. ప్రయోగం చేసినా చేయకపోయినా శనివారం సాయంత్రం కూర్చుని అందరూ దానిలోంచి దించుకునేవాళ్ళు. కెంపమ్మ కూడా మొదటి నెల ప్రయత్నించిందట.

"నాకు చేయి రాలేదక్కా. మంచితనం అని కాదు. ఆ ఇంగ్లీషు అర్థం కాలా. అర్థం కాని దాన్ని దించుకుంటా ఉంటే అద్దంలో నా మొగం నాకే వేరే వాళ్ళది మాదిరి ఉంటుంది," అంది నాతో.

అందుకని ఆమె తన పద్ధతి తానే పెట్టుకుంది. చేసినదంతా ముందు తెలుగులో ఒక చిత్తు కాగితం మీద రాసేది. సాయంత్రం అంగాళమ్మ చేట ముందర పెట్టుకుని శనగల్లో రాళ్ళు ఏరుతుంటే పక్కన కూర్చుని చదివి వినిపించేది. అంగాళమ్మకు అక్షరం రాదు. విన్నదాన్ని ఆమె తిరిగి చెప్పాలి. సరిగ్గా చెప్పగలిగితే కాగితం పాసయినట్టు. అప్పుడు నిఘంటువు పెట్టుకుని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాల్లోకి మార్చేది. ఆ వాక్యాల్లో నేను తప్పులు దిద్దేదాన్ని. నా సాయం అంతే.

ఒక సాయంత్రం ఇలా సాగింది.

"ఇనప గుండు దారముతో కట్టబడి నీటిలో ముంచబడెను," అని చదివింది కెంపమ్మ.

"ఎవురు ముంచినారు?" అంది అంగాళమ్మ.

"నేనే అవ్వా."

"మరి నేను ముంచినాను అనేదానికి ఏం రోగం? దయ్యం ముంచినట్ల చెప్తావేం!"

"పుస్తకాల్లో అట్లే రాస్తారు."

"వాళ్ళు ముంచి ఉండరు. అందుకే అట్ల రాసుకుంటారు. ఊ, తర్వాత?"

"కొంచెం ఉప్పు వేసి కలిపితిని."

"కొంచెమంటే? నా కొంచెమా, ఈ టీచరమ్మ కొంచెమా? ఈమె కూరలో ఉప్పేస్తే ఊరంతా నీళ్ళు తాగాల."

నేను తల వంచుకున్నాను. కెంపమ్మ నవ్వుతూ ఆ పంక్తి కొట్టేసి, ఎన్ని గ్రాములో రాసింది.

ఫిబ్రవరి మొదటి వారంలో వాళ్ళకు థర్మామీటరును పరీక్షించే ప్రయోగం ఇచ్చారు. చాలా చిన్నది. థర్మామీటరును కరుగుతున్న మంచుగడ్డలో పెట్టాలి, సున్న చూపాలి. తరువాత మరిగే నీళ్ళ ఆవిరిలో పెట్టాలి, నూరు చూపాలి. సోడా అంగడినుంచి రంపపు పొట్టులో చుట్టి మంచుగడ్డ తెప్పించారు. తరగతిలో అందరూ మంచును ముట్టుకుని చేతులు విదిలించుకుని, ఆవిరి పాత్ర పొయ్యి మీద ఉండగానే, పాత రికార్డులోంచి సున్న, నూరు రాసేసుకున్నారు.

కెంపమ్మ ఆ రోజు ఇంటికి వచ్చి చిత్తు రాస్తుంటే, నేనూ పక్కన కూర్చుని ఒక సలహా ఇచ్చాను. నీళ్ళు మరగడానికి ముందు పాత్ర అడుగున బుడగలు లేస్తాయి కదా, అక్కడ 'ముత్యాల వంటి బుడగలు' అని రాస్తే అందంగా ఉంటుందన్నాను. ఆమె నా మాట కాదనలేక రాసింది. అవ్వకు చదివింది.

"ముత్యమా? నువ్వు ఎప్పుడన్నా చూసినావామ్మే ముత్యం?"

"లేదవ్వా."

"టీచరమ్మా, నువ్వు?"

నేనూ చూడలేదు.

"ఇద్దురూ చూడలేదు, నేనూ చూడలేదు. ఇంక ఆ బుడగ ఎంతుందో ఎవురికి తెలిసె?"

కెంపమ్మ కొట్టేసింది. 'మొదట ఆవగింజంత, తరువాత శనగగింజంత' అని రాసింది. ఎం.ఏ.లో రెండేళ్ళు ఉపమానాలు చదివాను. శనగల చేట ముందర కూర్చున్నాకే నాకు ఉపమానం ఎందుకో కొంచెం తెలిసింది.

ఆ చిత్తులో అసలు చిక్కు చివర ఉంది. 'మంచులో సున్న చూపెను. ఆవిరిలో తొంభై ఎనిమిదిన్నర చూపెను. అరగంట సేపు ఉంచినా పైకి పోలేదు.'

రికార్డు గోపాలప్ప సారు దగ్గరికి పోయింది. ఆయన ల్యాబులో ప్రయోగాలు చేయించే డిమాన్‌స్ట్రేటరు. పైనున్న లెక్చరరు ఉద్యోగం ఆ ఏడాది ఖాళీగా ఉండడంతో రెండు ల్యాబుల బరువూ ఆయన ఒక్కడి నెత్తినే పడింది. మనిషి మంచివాడు, అలిసిపోయినవాడు. కెంపమ్మ రాసింది చూసి ఎర్ర పెన్సిలుతో తొంభై ఎనిమిదిన్నర చుట్టూ సున్న చుట్టాడు.

"చెడిపోయిన థర్మామీటరమ్మా అది. చెప్పి మార్చుకోవాల్సింది," అని దాని మెడకు ఎర్ర దారం కట్టి, బీరువాలోంచి ఒక అట్టపెట్టె తీసి అందులో వేశాడు. ఆ పెట్టెలో అప్పటికే ఎర్ర దారం కట్టినవి ఐదు ఉన్నాయి. నూరు చూపని థర్మామీటర్లన్నీ ఆ పెట్టెలోకి పోయేవి. మిగతావాటిని ఎవరూ ఆవిరిలో పెట్టి చూసేదాకా ఉంచలేదు కనుక అవి మంచివిగా బతుకుతున్నాయి.

"ఇంకోటి తీసుకొని చేసేదా సార్?"

"చేయి, చేయకపో. నూరు రాసుకొని రా. ఇరవై ఎనిమిదో తేదీలోగా రాకపోతే నేనేమీ చేయలేను. నీది ఇదొక్కటే కదా మిగిలింది?"

ఆమె రికార్డులో మిగతా ప్రయోగాలన్నిటికీ సంతకాలు పడ్డాయి. ఇది ఒక్కటే ఖాళీ. ఇంకో థర్మామీటరుతో చేసింది. తొంభై ఎనిమిదిన్నరే. మూడోదానితో చేసింది. అదీ అంతే. ఇక చెప్పలేదు. చెబితే వాటికీ దారాలు పడతాయి.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె చిత్తు కాగితం చేత్తో పట్టుకుని చదవకుండా కూర్చుంది. పాత రికార్డులోది కూడా దించి తెచ్చుకుంది. రెండూ చదవమంది అంగాళమ్మ. చదివింది.

"ఒకటి నూరంటా ఉంది, ఒకటి తక్కువంటా ఉంది. ఇంతేనా?" అంది అవ్వ. "నువ్వు యాడ కాచినావు?"

"కాలేజీలో."

"ఆ ఇంకోడు?"

"తెలీదవ్వా. రాయలేదు."

"యాడ కాచినాడో చెప్పకుండా ఏం వచ్చిందో చెప్తే ఎట్ల నమ్మేది? మన జవళగిరిలో నేను ఉలవలు ఉడికించేదానికి మూడు కట్టెలు పట్టేది. ఈడ రెండున్నర చాలు. ఈడికొచ్చిన మొదటి నెలంతా గుగ్గిళ్ళు పేలిపోయి పేస్టయిపోతా ఉండె. బస్టాండులో నవ్వినారు నన్ను చూసి, అవ్వ గుగ్గిళ్ళు చెంచాతో తినాలని."

"అది నీళ్ళ గుణమవ్వా. మన ఊరి నీళ్ళు మొండివి."

"నేనూ అట్లే అనుకొనింటిని. తెలుసునా ఏమన్నా? నువ్వే గదా కాలేజీ."

కెంపమ్మ లేచింది. పాత రికార్డు ఉన్న పిల్లవాడి ఇంటికి పోయి దాన్ని ఒక్క గంటకు అడిగి తెచ్చింది. ఎక్కడా ఊరి పేరు లేదు. చివరికి అట్ట లోపలి వైపు, అంటించిన కాగితం కింద, బైండింగు చేసిన అంగడి ముద్ర కనబడింది. దీపం దగ్గర పెట్టి ఇద్దరం కూడబలుక్కున్నాం. నాగపట్నం.

"సముద్రం పక్కనుండే ఊరు గదక్కా అది?" అంది కెంపమ్మ.

మరునాడు ఆమె గోపాలప్ప సారును ఒక చెడిపోయిన థర్మామీటరు ఇమ్మని అడిగింది. ఆయన నవ్వాడు. "పనికిరానిదే కదా, తీసుకపో. నీ పెళ్ళికి కానుకనుకో," అన్నాడు. మంచిదయితే ఇచ్చేవాడు కాదు.

శనివారం పొద్దున నన్నూ తోడు రమ్మంది. వెదురు గొట్టంలో రాగి గడ్డి కూరి థర్మామీటరు దోపింది. ఒక సీసాలో కృష్ణగిరి నీళ్ళు పట్టింది. బస్సులో హోసూరు చేరేసరికి చలి చేతులకు తగిలింది. అక్కడ ఇంకో బస్సు మారి, జవళగిరిలో దిగాం. దారంతా ఆమె గొట్టాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పక్కనున్న ఒకావిడ పిల్లంగోవా అని అడిగింది కూడా.

శ్రీరామప్ప ఎత్తయిన మనిషి. పొలంనుంచి ఆఖరి అనపకాయలు కోసుకొచ్చి కుప్ప పోస్తున్నాడు. పెరట్లో మూడు రాళ్ళ పొయ్యి మీద కూతురు నీళ్ళ కుండ ఎక్కించడం చూసి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"ఏమ్మా, రెండేళ్ళుగా ఆడ నేర్చుకొన్నది నీళ్ళు కాచేదేనా? మీయమ్మ ఊరికే నేర్పించుండునే!"

"నాయనా, నువ్వే చూడాల. గీత యాడ నిలబడిందో చెప్పు. ఎంత రావాలో నేను చెప్పను."

అంకెలు ఆయనకు వచ్చు. కుండకు మూత పెట్టి, మూత రంధ్రంలోంచి థర్మామీటరు ఆవిరిలోకి దించి ఆమె పట్టుకుంది. ఆయన వంగి కళ్ళు చికిలించాడు.

"తొంభై ఏడు."

ఆ నీళ్ళు పారబోసి కృష్ణగిరి నీళ్ళు పోసింది.

"తొంభై ఏడే," అన్నాడు. "మీదికి పోదా ఇది?" ఒక కట్టె తోశాడు. మంట పెరిగింది, గీత కదల్లేదు. ఇంకో కట్టె తోశాడు. కుండ గలగలలాడింది, గీత అక్కడే ఉంది. ఆయనకు పంతం వచ్చింది. పొయ్యి ముందర గొంతుక్కూర్చుని ఊదడం మొదలుపెట్టాడు. "మొండిది. అచ్చం మీ అవ్వ మాదిరే!"

జవళగిరి నీళ్ళయినా కృష్ణగిరి నీళ్ళయినా అక్కడ తొంభై ఏడే. కెంపమ్మ ముఖం వెలిగింది. అప్పుడు ఆయనకు సంగతంతా చెప్పింది. సారు నూరు రాయమన్నాడని, రాయకపోతే సంతకం లేదని, సంతకం లేకపోతే ఏడాది పోతుందని.

శ్రీరామప్ప అనపకాయల కుప్ప దగ్గరికి పోయి కూర్చుని చాలాసేపు కాయలు గిల్లాడు.

"సారు నూరంటే నూరే అను. వాళ్ళ నూరు వాళ్ళకిచ్చేసి సంతకం తెచ్చుకో. ఒకటిన్నర డిగ్రీకి ఒక ఏడు పోగొట్టుకుంటావా? నేను చెప్పిన మాట మరిచిపోయినావా?"

"మరిచిపోలేదు నాయనా. నువ్వు చూసినావు గదా ఇప్పుడు. నువ్వే చెప్పు, ఆ గీత నూరా?"

ఆయన లేచి పొయ్యిలో కట్టెలు వెనక్కి లాగాడు. మధ్యాహ్నం అనపగింజలు నానబెట్టి పొట్టు తీసిన పితికిపప్పు చారుతో రాగిముద్ద తిని బస్సుకు బయలుదేరాం. ఆయన రోడ్డు దాకా వచ్చాడు. బస్సు కదిలేటప్పుడు కిటికీ దగ్గరికొచ్చి, "గాజుది, భద్రం," అన్నాడు.

సోమవారం ఆమె వెంట తెచ్చిన జవళగిరి నీళ్ళను కాలేజీ పొయ్యి మీద కాచింది. తొంభై ఎనిమిదిన్నర. నీళ్ళది కాదు, చోటుది ఆ గుణం. థర్మామీటరును తిరిగి అట్టపెట్టెలో చేర్చి, ఎర్ర దారమున్న ఆరింటినీ మంచులో, ఆవిరిలో పెట్టి చూసింది. ఇక రిపోర్టు రాయడానికి కూర్చుంది.

నేను ఆ నాలుగు రోజులూ ఆమె రాయడం చూశాను. ఇప్పటికీ ఎవరైనా మంచి వచనం అంటే నాకు ఆ కాగితాలు గుర్తొస్తాయి. మొదటి పంక్తిలో తేదీ, ఊరు. రెండో పంక్తిలో ఊరు ఎంత ఎత్తున ఉందో తనకు కచ్చితంగా తెలియదని రాసింది. తెలియదని రాయడానికి సిగ్గుపడలేదు. కాగితం మీద చేసింది ఒక చోట, చూసింది ఒక చోట, తాను అనుకున్నది వేరే చోట, 'ఇది నా ఊహ' అని పైన రాసి: ఊరు ఎత్తయ్యేకొద్దీ నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయేమో అని. ఎవరు చదివారో కూడా రాసింది: 'జవళగిరిలో గీత చదివినది మా నాయన శ్రీరామప్ప. ఎంత రావాలో ఆయనకు ముందుగా చెప్పలేదు.' అంగాళమ్మ మూడుసార్లు వింది. మూడోసారి చేట పక్కన పెట్టి, మొదటినుంచి చివరిదాకా తానే ప్రయోగం చేసినట్టు చెప్పింది, చేతులు కదుపుతూ. ఒక్క చోట ఆగింది.

"ఆ గాజు పుల్ల నీళ్ళల్లో మునగాలా, పైనుండాలా?"

కెంపమ్మ నాలుక కరుచుకుంది. ఆ మాట రాయలేదు. 'థర్మామీటరు గుండు నీటికి తగలరాదు. నీటికి రెండు వేళ్ళ ఎత్తున, ఆవిరిలో ఉండవలెను' అని చేర్చి, ఎప్పటిలాగే ఇంగ్లీషులోకి మార్చింది.

శుక్రవారం, ఇరవై ఐదో తేదీ, ల్యాబు ముగిసే వేళకు రిపోర్టు గోపాలప్ప సారు ముందర పెట్టింది. ఒంటరిగా పోవడానికి భయపడి నన్ను రమ్మంది. నాకు ఆమెకంటే ఎక్కువ భయం. గుమ్మం బయటే స్తంభం పక్కన నిలబడ్డాను.

"మళ్ళీ ఇదేనా?" అన్నాడాయన, పేజీలు తిప్పుతూ. "అందరూ అర పేజీ రాస్తే నువ్వు నాలుగు పేజీలు. ఏమమ్మా, బయటినుంచి పరీక్షకులు వచ్చి ఈ రికార్డు చూస్తే ఏమంటారు? ఈ ల్యాబులో మంచి థర్మామీటరే లేదా అని నన్నడుగుతారు."

"సార్, ఆ పెట్టెలో ఆరున్నాయి గదా. ఆరూ మంచులో సున్నకాడ సరిగ్గా నిలబడినాయి. ఆవిరిలో ఆరూ తొంభై ఎనిమిదిన్నరే. చెడిపోయేవి ఒక్కొక్కటి ఒక్కో రకంగా చెడిపోవాల గదా సార్? ఆరూ కూడబలుక్కొని చెడిపోతాయా?"

ఆయన పెన్సిలు కింద పెట్టాడు. కోపమొచ్చిందో ఆలోచనలో పడ్డాడో నాకు తెలియలేదు.

"ఒక్కటి చేయండి సార్," అంది కెంపమ్మ. "ఈ కాగితం చూసి మీరే చేయండి. నన్నేమీ అడగొద్దండి. మధ్యలో ఒక్కసారి నన్ను అడగాల్సి వచ్చినా నా రిపోర్టు సరిగ్గా లేదనే అర్థం. చించేసి నూరు రాసుకొస్తాను."

గోపాలప్ప సారు గడియారం చూశాడు. ఇంటికి పోవలసిన వేళ. చొక్కా చేతులు మడిచాడు.

కాగితం బల్ల మీద పరిచి, ఒక్కొక్క పంక్తి మీద వేలు పెట్టి చేస్తూ పోయాడు. పాత్ర సగం నీళ్ళు. పొయ్యి. ఆవగింజంత బుడగలు దగ్గర కొద్దిగా నవ్వాడు. శనగగింజంత బుడగలు వచ్చేదాకా ఆగాడు. పెట్టెలోంచి ఎర్ర దారమున్న ఒక థర్మామీటరు తీశాడు. పాత్ర పైకి తెచ్చి, చేయి గాల్లో ఆపి, కెంపమ్మ వైపు తిరిగి నోరు తెరిచాడు.

"ఇది ఎంత—"

కెంపమ్మ చేతులు కొంగులో ముడుచుకుంది.

ఆయన కాగితం వైపు చూశాడు. వేలు కింది పంక్తికి జారింది. 'రెండు వేళ్ళ ఎత్తున.' తన వేళ్ళు రెండు ఆనించి కొలుచుకుని దించాడు. ఏమీ అడగలేదు.

పది నిమిషాలు. పావుగంట. ఆయన వంగి చూశాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. రెండో థర్మామీటరు తీశాడు. తరువాత మూడోది. ఆ తరువాత గోడ దగ్గరికి నడిచి, గుడ్డ కప్పి వేలాడదీసి ఉన్న బారోమీటరు మీది గుడ్డ తీశాడు. గాలి ఒత్తిడి కొలిచే ఆ పరికరాన్ని ఇన్‌స్పెక్షను వచ్చిన రోజు తప్ప ఎవరూ తెరవలేదు. దుమ్ము ఊది చదివాడు. ఏడు వందల పద్దెనిమిది మిల్లీమీటర్లు. సముద్రం ఒడ్డున ఏడు వందల అరవై ఉండాలి, ఎత్తుకు పోయేకొద్దీ తగ్గుతుంది. అలమారులోంచి లావుపాటి పుస్తకం తీసి వెనక పట్టికలో వెతికాడు. అంత ఒత్తిడికి నీళ్ళు మరిగేది తొంభై ఎనిమిది పాయింటు నాలుగు దగ్గర.

ఆ పంక్తి మీద వేలు ఉంచి బారోమీటరు వైపు మళ్ళీ చూశాడు.

"ఒత్తిడి తగ్గితే తక్కువ వేడికే నీళ్ళు మరుగుతాయని నేనూ చదువుకున్నానమ్మా," అన్నాడు చివరికి. "పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకొన్నాను. ఏదో హిమాలయాల సంగతి అనుకొన్నాను గాని, మన కృష్ణగిరి సంగతని అనుకోలేదు."

రిపోర్టు తీసుకుని, కెంపమ్మ చూసిన అంకెల కింద తన అంకెలు, బారోమీటరు అంకె, తేదీ రాశాడు. దాని కింద సంతకం చేశాడు. రికార్డులో తాను చుట్టిన ఎర్ర పెన్సిలు సున్నను రబ్బరుతో తుడవబోయి, వద్దనుకుని అలాగే ఉంచాడు. తరువాత అట్టపెట్టె ముందరికి లాక్కుని, ముడులు బిగుసుకుపోయి ఉంటే గోళ్ళతో లాగుతూ, ఒక్కొక్క థర్మామీటరు దారమూ విప్పడం మొదలుపెట్టాడు. కెంపమ్మ సాయం చేయబోతే, "నేను కట్టినవమ్మా. నేనే విప్పుకొంటాను," అన్నాడు.

ఆ సంవత్సరం ఆమె పాసయింది. మరుసటి ఏడాది కొత్తగా వచ్చిన ఇరవై మందీ ఆ పాత రికార్డును పక్కకు పారేసి కెంపమ్మ రికార్డును దించుకున్నారు, తొంభై ఎనిమిదిన్నరతో సహా, ఫిబ్రవరి ఇరవై ఐదో తేదీతో సహా, శ్రీరామప్ప పేరుతో సహా. గోపాలప్ప సారు ఇరవై రికార్డులూ వెనక్కి పంపాడని, "మీ అందరి నాయనా శ్రీరామప్పేనా?" అని అడిగాడని విన్నాను. కెంపమ్మ అది విని నవ్వలేదు. చాలా బాధపడింది.

సంతకం పడిన ఆ సాయంత్రం సంగతి ఒకటి మిగిలింది. ఇంటికి వచ్చి కెంపమ్మ రిపోర్టును చివరిసారి అవ్వకు చదివింది, సారు అంకెలతో కలిపి. అంగాళమ్మ చేట దించి విని, ఒక్క ప్రశ్న వేసింది.

"ఆ ఎర్ర దారాలు ఎవురు విప్పినారు?"

"సారే విప్పినారవ్వా. మమ్మల్ని ముట్టనీలేదు."

"అది రాసినావా?"

కెంపమ్మ కలం మూత తీసి, మళ్ళీ పెట్టేసింది. "అది ప్రయోగంలో చేరేది కాదవ్వా," అంది.

"అయితే యాడ రాసేది?" అంది అంగాళమ్మ నా వైపు తిరిగి.

ఇన్నాళ్ళకు నేను ఇక్కడ రాశాను.